ఈ బూజు దులిపితే పోయేది కాదు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా పడకగదిలో బీరువా వెనక గోడకు నల్లటి మచ్చలు వచ్చాయి. బాత్‌రూమ్ పైకప్పు మూలలో కూడా అవే. మొదట చీపురుతో దులిపాను. తర్వాత బ్లీచ్ వేసి తుడిస్తే ఆ ఘాటుకు మా మూడేళ్ల బాబు రెండు రోజులు దగ్గాడు. అప్పటి నుంచి వెనిగర్, బేకింగ్ సోడా కలిపి స్ప్రే చేస్తున్నాను. పది రోజులు బాగుంటుంది, మళ్లీ అదే చోట మచ్చలు. బీరువాలో బట్టలు కూడా చెమ్మ వాసన కొడుతున్నాయి. పైన పెయింట్ వేయించేద్దాం అంటున్నారు మావారు. ఘాటు రసాయనాలు లేకుండా, పిల్లాడికి ఇబ్బంది కాకుండా ఇది పోయే దారి ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: ఉందమ్మా. మీరు చెప్పినంత మచ్చలకు ఘాటు మందులు అక్కర్లేదు. అయితే మీరు ఇన్నాళ్లూ మచ్చతో పోరాడుతున్నారు, మచ్చను పెంచుతున్న తడి మాత్రం గోడలో అలాగే ఉంది. అందుకే పది రోజులకోసారి మొదటికొస్తోంది. తడి ఎక్కడి నుంచి వస్తోందో తెలిసి, అది ఆగితే సబ్బునీళ్లే సగం పని చేసిపెడతాయి. అది ఆగకపోతే ఎంత ఘాటు మందు తెచ్చినా ఫలితం ఇంతే.

ముందు చీపురు సంగతి. మన భాషలో సాలెగూడునూ బూజే అంటాం, గోడకు పట్టే ఈ శిలీంద్రాన్నీ బూజే అంటాం. పేరు ఒకటే కావడంతో చెయ్యి తెలియకుండానే చీపురు అందుకుంటుంది. సాలెగూడు దులిపితే కింద పడుతుంది, ఎత్తి పారేస్తాం. ఈ బూజు దులిపితే కింద పడదు, గాల్లోకి లేస్తుంది. ఆ నల్లటి మచ్చ మీద కంటికి ఆనని బీజాలు లెక్కలేనన్ని ఉంటాయి. పొడి చీపురు తగలగానే అవి గదంతా పరుచుకుంటాయి. ఒకసారి నేనూ పుస్తకాల అర వెనక గోడను పొడి బ్రష్‌తో గట్టిగా రుద్దాను. మూడు రోజులు తుమ్ములు ఆగలేదు. ఇకమీదట తడపకుండా దాన్ని ముట్టుకోకండి. చీపురే కాదు, ఫ్యాను కూడా దాని మీదికి తిప్పి పెట్టకూడదు.

అలాగని ఆ బీజాలన్నిటినీ ఇంట్లోంచి తరిమేయాలని కూర్చోకండి, అది ఎవరి తరమూ కాదు. బయటి గాలిలో అవి ఎప్పుడూ ఉంటాయి, కిటికీ తెరిస్తే వస్తాయి, చెప్పులకు అంటుకుని వస్తాయి. పొడిగా ఉన్న గోడ మీద పడితే ఊరికే పడి ఉంటాయి. తడి గోడ మీద పడితే మొలుస్తాయి. తినడానికి వాటికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. గోడ మీది దుమ్ము, వాల్‌పేపర్ జిగురు, చెక్క, తోలు, బాత్‌రూమ్‌లో పేరుకున్న సబ్బు జిడ్డు, ఏదైనా సరిపోతుంది. వీటన్నిటినీ ఇంట్లో లేకుండా చేయలేం. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లలోని చెమ్మ, బూజు గురించి మార్గదర్శకాలు విడుదల చేసింది. ఫలానా పరిమాణం వరకు బూజు ఉన్నా ఫర్వాలేదని అందులో అంకె ఏమీ ఇవ్వలేదు. చెమ్మను రాకుండా చూసుకోండి, వస్తే పోగొట్టండి అన్నదే దాని సారం.

మరి మీ బీరువా వెనకే ఎందుకొచ్చింది? బీరువా కాస్త జరిపి ఆ గోడకు అరచెయ్యి ఆనించి చూడండి. మిగతా గోడల కంటే చల్లగా తగిలితే, అది చాలావరకు బయటి గోడ అయి ఉంటుంది. చల్లటి నీళ్ల గ్లాసు బల్ల మీద పెడితే కాసేపటికి పైన చెమట పడుతుంది కదా, అలాగే గదిలోని తేమ గాలి చల్లటి గోడకు తగిలి అక్కడ నీరవుతుంది. రాత్రంతా నలుగురు ఊపిరి వదిలే గదిలో తేమకు కొదవేముంది? మిగతా గోడలకు గాలి తగిలి ఆరిపోతాయి. బీరువా వెనక గాలి ఆడదు, కాబట్టి అక్కడ ఆరదు. ఇది ఒక కారణం. రెండోది, గోడ లోపలి నుంచే నీరు ఊరడం. పగిలిన పైపు, బయటి గోడలో పగులు, పక్కనే ఉన్న బాత్‌రూమ్ నుంచి దిగే నీరు, నేలలోంచి పైకెక్కే నెమ్ము.

ఈ రెండిట్లో ఏదో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. మచ్చ పక్కనే శుభ్రంగా ఉన్న చోట గోడను పొడిగుడ్డతో తుడిచి, అడుగు పొడవు, అడుగు వెడల్పు పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం పెట్టి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేప్ అంటించండి. ఒకటి రెండు రోజులు వదిలేయండి. తర్వాత చూస్తే గది వైపున్న ముఖం మీద నీటి బొట్లు ఉంటే తేమ గదిలోది. ప్లాస్టిక్ వెనక, గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది. మొదటిదైతే మీరే సరిచేసుకోవచ్చు. రెండోదైతే ప్లంబర్‌నో మేస్త్రీనో పిలవాలి, అప్పటిదాకా ఏ స్ప్రే కొట్టినా శ్రమ వృథా.

ఇంకో విషయం కూడా చూసుకోండి. గోడ కింది భాగంలో తెల్లటి పొడి లేచి ఉంటే అది బూజు కాకపోవచ్చు. గోడలోని ఉప్పు నీటితోపాటు పైకి వచ్చి అలా పేరుకుంటుంది. దాని మీద ఒక చుక్క నీళ్లు వేస్తే కరిగిపోతుంది, బూజు కరగదు. ఉప్పయినా సంతోషించడానికి లేదు, గోడలో నీరు నడుస్తోందని అది చెబుతోంది.

ఇప్పుడు మీ వెనిగర్, బేకింగ్ సోడా దగ్గరికి వద్దాం. రెండూ మంచివే, కలపడమే తప్పు. కలపగానే బుస్సున నురగ పొంగుతుంది, ఏదో గట్టిగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. అక్కడ జరిగేదేమిటంటే, వెనిగర్‌లోని ఆమ్లం, సోడాలోని క్షారం ఒకదాన్నొకటి చల్లార్చుకుంటున్నాయి. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. అది పోయాక సీసాలో మిగిలేది సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీళ్లు. అంటే ఇన్నాళ్లూ మీరు గోడ మీద చాలావరకు ఉప్పునీళ్లు చల్లారు, పైగా గోడను ఇంకాస్త తడిపారు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది, మీరొక్కరే కాదు.

గోడ శుభ్రం చేసే పద్ధతి ఇది. పిల్లాడిని ఆ పూట వేరే గదిలోనో, బయటో ఉంచండి. ఆ గది తలుపు మూసి, కిటికీ తెరవండి. మీరు ఎన్95 మాస్కు, రబ్బరు గ్లవ్స్, కళ్లకు రక్షణ పెట్టుకోండి. సహజమైన వాటితోనే చేస్తున్నాం కదా అని ఇవి మానకండి, మాస్కు వెనిగర్ కోసం కాదు, బూజు కోసం. ముందు స్ప్రే బాటిల్‌తో మచ్చను సన్నగా తడపండి, నీళ్లు కారేలా కాదు. తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపి, స్పాంజితో అంచు నుంచి మధ్యకు రుద్దుతూ తుడవండి. మధ్య నుంచి అంచుకు రుద్దితే మచ్చను మీరే పెద్దది చేసినట్టు. స్పాంజిని మాటిమాటికీ కడుగుతూ, నీళ్లు నల్లబడగానే మారుస్తూ ఉండండి. పని అయ్యాక స్పాంజిని కవర్‌లో కట్టి పారేయండి.

ఈ సబ్బునీళ్ల గురించి ఎవరూ గొప్పగా చెప్పరు, నేను మాత్రం మొదటి మార్కు దీనికే వేస్తాను. ఎందుకంటే బూజును చంపితే చాలదు, అక్కడి నుంచి తీసేయాలి. చచ్చిన బూజు కూడా అలర్జీ ఉన్నవాళ్లను ఇబ్బంది పెడుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా గట్టి ఉపరితలాలకు డిటర్జెంట్ నీళ్లతో రుద్ది పూర్తిగా ఆరబెట్టమనే చెబుతుంది, రోజువారీ పద్ధతిగా బ్లీచ్‌ను సిఫార్సు చేయదు.

సబ్బు పని అయ్యాక కావాలంటే ఒక విడత వెనిగర్ గాని, హైడ్రోజన్ పెరాక్సైడ్ గాని. రెండూ కాదు, ఏదో ఒకటి. వెనిగర్ అయితే ఇంట్లో వాడే తెల్లటిదే, సుమారు 5 శాతం ఆమ్లం ఉండేది, నీళ్లు కలపకుండా చల్లి గంటసేపు వదిలేసి తడిగుడ్డతో తుడవండి. ఆ పుల్లటి వాసన కొన్ని గంటల్లో పోతుంది. అన్ని రకాల బూజు మీదా వెనిగర్ ఒకేలా పనిచేయదు, కొన్ని రకాలు దానికి లొంగవు. మీ గోడకు పట్టింది అలాంటిదైతే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లి పది నిమిషాలాగి తుడవండి. అది చివరికి నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోతుంది కాబట్టి ఘాటు మిగలదు. వెలుతురు తగిలితే పాడవుతుంది, అందుకే ముదురు రంగు సీసాలో వస్తుంది, పారదర్శకమైన సీసాలోకి వంపకండి. రంగు గోడ వెలిసే అవకాశం ఉంది కాబట్టి ముందు కనపడని మూల చిన్న చోట వేసి చూడండి. బేకింగ్ సోడాను టైల్స్ మధ్య గీతల్లో ముద్దలా పెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దడానికి విడిగా వాడుకోండి, దానికది బాగా పనికొస్తుంది. ఇంట్లో పాలరాయి, గ్రానైట్ లాంటి రాయి ఉంటే దాని మీద మాత్రం వెనిగర్ పడనీయకండి, నునుపు పోతుంది.

ఆఖరుది ఆరబెట్టడం, అందరూ తొందరపడేది ఇక్కడే. ముందు పొడిగుడ్డతో అద్దండి. మచ్చంతా పోయింది, గోడ శుభ్రమైంది అనుకున్నాకే ఫ్యాను వేయండి. ముట్టుకుంటే పొడిగా తగిలినా ఆ రోజు బీరువాను వెనక్కి నెట్టకండి. ఏదైనా తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లోపు పూర్తిగా ఆరబెడితే బూజు పట్టకుండా చాలావరకు ఆపవచ్చు. ఆ గడువు మీ గోడకూ వర్తిస్తుంది.

బాత్‌రూమ్ పైకప్పు మూలకు కూడా ఇదే పద్ధతి. నేరుగా పైకి స్ప్రే చేస్తే కళ్లలో పడుతుంది, గుడ్డను తడిపి కర్రకు చుట్టి తుడవండి. అక్కడ కారణం వెతకాల్సిన పని లేదు, వేడినీళ్ల ఆవిరి. స్నానం చేస్తున్నప్పుడు, ఆ తర్వాత మరో అరగంట ఎగ్జాస్ట్ ఫ్యాను నడవనివ్వండి. ఫ్యాను లేకపోతే కిటికీ తెరిచి, ఇంట్లోకి ఉన్న తలుపు మూసి ఉంచండి. లేదంటే ఆ ఆవిరి తిన్నగా మీ పడకగది గోడకే చేరుతుంది. స్నానం కాగానే గోడల మీది నీళ్లను వైపర్‌తో కిందికి లాగేస్తే ఆరడానికి పట్టే సమయం ఎంతో తగ్గుతుంది. సింక్ అంచునో టబ్ అంచునో సిలికాన్ పూతలో నల్లటి గీత ఉంటే, దాన్ని గోటితో గీరి చూడండి. పైన కాకుండా లోపల ఉందనిపిస్తే ఎంత రుద్దినా పోదు. ఆ సిలికాన్ కోసేసి, చోటు బాగా ఆరాక కొత్తది వేయించడమే.

బీరువాను గోడకు కనీసం మూడు నాలుగు అంగుళాలు ఎడంగా పెట్టండి. కుదిరితే లోపలి గోడ వైపుకు మార్చేయండి, అది ఇంకా మేలు. పడకగదిలో తడి బట్టలు ఆరేస్తుంటే ఆపేయండి, తడి బట్టల్లోని నీరంతా చివరికి ఆ గది గాల్లోకే పోతుంది. గదిలో తేమ ఎంతుందో చూపించే చిన్న మీటరు దొరుకుతుంది, దాని పేరు హైగ్రోమీటర్. ఒకటి పెట్టుకుంటే ఊహలతో పనిలేదు. 60 శాతం దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిది. కిటికీ తెరిస్తే ఎప్పుడూ మంచిదే అనుకుంటాం గాని, బయట ముసురు పట్టినప్పుడు తెరిస్తే తేమ లోపలికి వస్తుంది. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో మీటరు చూస్తే రెండు మూడు రోజుల్లో మీకే అర్థమైపోతుంది.

బట్టలు ఉతకగలిగినవన్నీ అవి తట్టుకోగలిగినంత వేడినీళ్లలో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరేయండి. నడుము పట్టీ, జేబు మడతలు ఆరాయో లేదో వేలితో తాకి చూడండి, వాసన మళ్లీ మొదలయ్యేది అక్కడే. ఖాళీ చేసిన బీరువాను లోపల కూడా సబ్బునీళ్లతో తుడిచి, రోజంతా తలుపులు బార్లా తీసి ఉంచండి. తోలు బ్యాగులు, బెల్టులు ఉంటే రబ్బింగ్ ఆల్కహాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి, పిండిన గుడ్డతో పైపైన తుడిచి నీడలో ఆరబెట్టండి. ఆ పని చేసేటప్పుడు దగ్గర్లో మంట ఉండకూడదు. దిండు, పరుపు, కార్పెట్ లాంటివాటి లోపలికి బూజు దిగితే మాత్రం వదులుకోవాలి. ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. కానీ వాటి లోపలి బూజును బయటికి తీసే దారి లేదు, పిల్లాడు దాని మీద ముఖం పెట్టుకుని పడుకుంటాడు.

పెయింట్ గురించి మీవారు అంటున్నారని రాశారు. ఇప్పుడు వద్దని చెప్పండి. బూజు మీద వేసిన పెయింట్ నిలవదు, పెచ్చులుగా లేస్తుంది, మచ్చ మళ్లీ పైకి వస్తుంది. గోడ శుభ్రమై, ప్లాస్టిక్ పరీక్షలో రెండు వైపులా పొడిగా వచ్చాక నిశ్చింతగా వేయించుకోండి.

సహజమైనదంటే భయం లేనిదని అనుకుంటాం, అందుకే ఈ నాలుగు మాటలు. బోరాక్స్ ఖనిజమే, చాలామంది సలహా ఇస్తారు. అది పునరుత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో యూరోపియన్ యూనియన్‌లో ఉంది. పాకే, ఆడే పిల్లలున్న ఇంట్లో నేనైతే వాడను. టీ ట్రీ ఆయిల్ బూజు మీద పనిచేస్తుంది గాని, కొందరి చర్మానికి పడదు, పిల్లులకు విషం. నిమ్మరసం కడగకుండా వదిలేస్తే జిగట మిగులుతుంది, గోడకు వద్దు. వెనిగర్ ఆవిరి కూడా ఆయాసం ఉన్నవాళ్లకు దగ్గు తెప్పించవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, మీ ఇంట్లో ఆ బ్లీచ్ సీసా ఇంకా ఉండే ఉంటుంది. వెనిగర్, బ్లీచ్ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. ఒకే బకెట్‌లో కలపడమే కాదు, ఒకటి వేసిన చోట ఆరకముందే రెండోది వేసినా ప్రమాదమే. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఒకే సీసాలో పోయకండి, పెరాసెటిక్ ఆమ్లం అనే మంట పుట్టించే పదార్థం తయారవుతుంది. అందుకే ఏదో ఒకటి అని అంత గట్టిగా చెప్పాను.

మచ్చలన్నీ కలిపి సుమారు పది చదరపు అడుగులు, అంటే అటూ ఇటూ మూడేసి అడుగుల మేర దాటకపోతే ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చన్నది సాధారణంగా పాటించే లెక్క. అంతకు మించితే, లేదా డ్రైనేజీ నీళ్ల వల్ల వచ్చినదైతే, ఈ పని తెలిసినవాళ్లకు అప్పగించండి. నలుపు రంగు చూసి బెదరకండి. నల్లగా ఉన్నదల్లా విషం కాదు, తెల్లగా, పచ్చగా ఉన్నదల్లా మంచిదీ కాదు. రంగు ఏదైనా తీసేయాల్సిందే.

ఇక బాబు. దగ్గుకు కారణం బూజేనని ఇక్కడి నుంచి నేను చెప్పలేను, బ్లీచ్ ఘాటు కావచ్చు, జలుబూ కావచ్చు. చెమ్మ ఉన్న ఇళ్లలో ఊపిరికి సంబంధించిన ఇబ్బందులు ఎక్కువన్నది మాత్రం నిజం. దగ్గు ఇంకా ఉంటే, పడుకున్నప్పుడు పిల్లికూతలు వినిపిస్తే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి, ఇంట్లో బూజు ఉన్న సంగతి కూడా చెప్పండి. మనం అడిగితే తప్ప ఆ ప్రస్తావన రాకపోవచ్చు. గోడ బాగయ్యేదాకా బాబును వేరే గదిలో పడుకోబెట్టండి. కుదరకపోతే కనీసం మంచాన్ని ఆ గోడకు దూరంగా జరపండి. ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే, ఈ శుభ్రం చేసే పని వాళ్లకు అప్పగించవద్దు.

ఈ రోజు స్ప్రే బాటిల్ పక్కన పెట్టి, ముందు ఆ ప్లాస్టిక్ కాగితం అంటించండి. రెండు రోజుల తర్వాత అది ఏ వైపు తడిసిందో నాకు రాయండి. గోడ వైపైతే మేస్త్రీని ఏమేమి అడగాలో, ఏమేమి చూడమనాలో అప్పుడు వివరంగా చెబుతాను.